కందిన బుగ్గలు, ఒక విటమిన్

తెలుగులో ‘కందడం’ అని ఒక మాట ఉంది. ఎండలో తిరిగొస్తే మొహం కందింది అంటాం. పసిపిల్ల బుగ్గ ఎవరైనా గట్టిగా గిల్లితే కందిపోయిందంటాం. ఎర్రబడడం, వేడెక్కడం, ముట్టుకుంటే నొప్పి పుట్టడం, ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఒడియా బడుల్లో చదివిన మన పిల్లలకి ఈ మాట దాదాపు పోయింది. మా మేనకోడలు డాక్టరు దగ్గర తన బాధ చెప్పుకోవడానికి మూడు భాషల్లో వెతుక్కుంటుంటే నేనే పక్కనుంచి ‘కందుతోందండీ’ అన్నాను. ఆయన వెంటనే తలెత్తి చూశారు.

మా అమ్మ బుగ్గలు ఎప్పుడూ కందే ఉండేవి. బొయిపరిగుడలో మా ఇంట్లో కట్టెలపొయ్యి ఉన్న రోజుల్లో అమ్మ వంటింట్లోంచి బయటికొస్తే బుగ్గలూ ముక్కూ ఎర్రగా మెరిసేవి. “ఏటొదినా, కోపమొచ్చిందా?” అని పక్కింటివాళ్ళు ఆటపట్టించేవారు. పొయ్యి వేడి వల్ల అనుకున్నాం. గ్యాసు వచ్చాకా తగ్గలేదు. వేడి టీ తాగినా, చలికాలం చలిమంట దగ్గర కూర్చున్నా, ఆవకాయ కొత్త జాడీ తీసినా అదే తంతు. అది రోసేషియా అనే చర్మ సమస్య అని అమ్మకి డెబ్బై దాటాక తెలిసింది, అదీ మనవరాలి పుణ్యమా అని.

మేనకోడలు అంటే మా అన్నయ్య కూతురు. జయపురంలో ఉద్యోగం. రెండేళ్ళ కిందట తనకి విజయనగరం సంబంధం కుదిరింది. నిశ్చితార్థం కార్తీకంలో, పెళ్ళి మాఘంలో అనుకున్నారు. అప్పటికి ఎనిమిది నెలల నుంచి ఆ పిల్ల మొహానికి ఒక క్రీము రాస్తోంది. గడ్డం మీద నాలుగు మొటిమలు వస్తే ఒక మందుల షాపులో ఇచ్చారు. చిన్న ట్యూబు, చవక. మొదటి పది రోజుల్లో మొటిమలు మాయమై మొహం తెల్లగా, నున్నగా తయారయింది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. ఆ తరవాత అసలు కథ మొదలైంది. రెండు రోజులు రాయకపోతే మొహం మండేది, చిన్న చిన్న పొక్కులు లేచేవి, నీళ్ళు తగిలినా చురుక్కుమనేది. మళ్ళీ రాస్తే గంటల్లో చల్లబడేది. దాంతో రోజుకి ఒకసారి రాసేది రెండుసార్లయింది.

దసరా వెళ్ళాక నేను, తను విశాఖ బయల్దేరాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యేదాకా మన జయపురం సంస్థానమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది కదా. గీత మారి ఎన్నేళ్ళయినా జబ్బు చేస్తే మన కాళ్ళు ఘాట్ దిగి అటే నడుస్తాయి. ఇప్పుడు కొరాపుట్‌లోనే షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరున మెడికల్ కాలేజీ ఉంది, 2017లో వచ్చింది. మన బొయిపరిగుడ బ్లాకులోని తెంతులిగుమ్మ మనిషి ఆయన. అయినా అలవాటు అలవాటే.

డాక్టరుగారు ముందు అడిగింది ఆ ట్యూబు గురించి. దాని మీద చిన్న అక్షరాల్లో మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అని మూడు పేర్లున్నాయి. మొదటిది స్టెరాయిడ్. రెండోది రంగు తగ్గించేది. మూడోది చర్మం పైపొరని త్వరత్వరగా రాల్చేది. మంగు మచ్చలకి డాక్టరు చూస్తూ కొద్ది వారాలు వాడించే మందు అది. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, లోపలి సన్న రక్తనాళాలు వెడల్పయి, పైకి కనపడడం మొదలెడతాయి. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే చర్మవైద్యులు దీనికి ఒక ప్రత్యేకమైన పేరే పెట్టుకున్నారు, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అని. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇలాంటి పైపూత స్టెరాయిడ్లు 14 రకాల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద మాట అది. మనలాంటి ఊళ్ళలో మందుల షాపు కౌంటరే ఆస్పత్రి, కౌంటరు వెనక కుర్రాడే డాక్టరు.

రెండో ప్రశ్న, ఇంట్లో ఇంకెవరికైనా బుగ్గలు ఇలా ఎర్రబడతాయా అని. నా ఫోనులో అమ్మ ఫొటో చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశారు. రోసేషియా కుటుంబాల్లో నడవచ్చట. తెల్లవాళ్ళ జబ్బు అని పుస్తకాల్లో రాసుకోవడం వల్ల మన చామనచాయ మొహాల్లో దాన్ని గుర్తుపట్టరట. మన రంగులో ఎరుపు అంత స్పష్టంగా తేలదు, ఇటుకరంగులోనో నల్లగా కమిలినట్టో ఉంటుంది. అందుకే మొటిమలనో, ఎలర్జీ అనో వైద్యం జరిగిపోతుంది. చూపుకంటే రోగి చెప్పే మాటే అక్కడ ముఖ్యం. మండుతోందా, వేడెక్కుతోందా, చురుక్కుమంటోందా? కందడం అన్న మాటకి ఆయన తలెత్తింది అందుకే. మా పిల్లకి పుట్టుకతోనే అమ్మ పోలిక చర్మం ఉండి, దాని మీద ఈ ట్యూబు దెబ్బ పడింది. లూపస్ అనే జబ్బులో కూడా బుగ్గల మీద ఇలాగే ఎర్రబడుతుంది కాబట్టి రక్తపరీక్ష చేయించారు. అది లేదని తేలింది. కళ్ళు మండుతున్నాయా, ఇసుక పడ్డట్టుందా అని కూడా అడిగారు. రోసేషియా కళ్ళకీ పాకుతుందని అప్పుడే విన్నాను.

చీటీలో కొన్ని వారాలకి మాత్రలు, ఒక జెల్, ఎండకి రాసుకునే జింక్ ఆక్సైడ్ క్రీము, వాసనా రంగూ లేని ఒక మామూలు మాయిశ్చరైజర్. ఆ చివరి దాంట్లో 4 శాతం నియాసినమైడ్ ఉంది. “ఇది మందు కాదమ్మా, మందుకి తోడు. కానీ మందు ఆపేశాక కూడా మీతో ఉండేది ఇదే” అన్నారు డాక్టరుగారు.

నియాసినమైడ్ అంటే విటమిన్ బి3కి ఉన్న రెండు రూపాల్లో ఒకటి. ఇంటికొచ్చి చదువుతుంటే ఈ విటమిన్‌కీ మన తెలుగు నేలకీ ఉన్న చుట్టరికం తెలిసింది. బి3 చాలకపోతే పెలాగ్రా అనే జబ్బు వస్తుంది. ఎండ తగిలే చోటల్లా చర్మం కమిలి, నల్లబడి, పొలుసులు కడుతుంది. మెడ చుట్టూ పట్టీ వేసినట్టు మచ్చ వస్తుంది, దాన్ని 1735లోనే స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు గమనించాడు. తరవాత విరేచనాలు, చివరికి మతి చెడడం. మొక్కజొన్న తప్ప మరొకటి దొరకని పేదలకి ఎక్కువగా వచ్చేది. అమెరికా దక్షిణాన వేలమంది పోయారు. అది అంటువ్యాధి కాదు, తిండి లోపం అని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపించాడు. ఆ లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లం అని 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ తేల్చాడు. పొగాకు నికోటిన్ అనుకుని జనం భయపడకుండా దానికి నియాసిన్ అని పేరు మార్చారు.

ఇక హైదరాబాదు సంగతి. ఇక్కడ పెలాగ్రా వచ్చినవాళ్ళు మొక్కజొన్న తినేవాళ్ళు కాదు, జొన్నలు తినేవాళ్ళు. తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకి వచ్చిన ఆ సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీని మీద పనిచేశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అదే కిటుకు అని 1960లో లాన్సెట్‌లో రాశారు. ప్రపంచమంతా మొక్కజొన్న వైపు చూస్తుంటే మనవాళ్ళు మన రోగుల కంచంలోకి చూశారు. నాకు నచ్చింది అదే.

ఇదంతా చదివి మా వదిన ఒక తీర్మానానికి వచ్చేసింది. అయితే పిల్లకి బి3 లోపం అన్నమాట, పల్లీలు, చేపలు బాగా పెడదాం అని. మంచి తిండే, ఎవరు కాదన్నారు. కానీ రోసేషియా విటమిన్ లోపం వల్ల వచ్చేది కాదు. కడుపులోకి వెళ్ళే బి3 ఒళ్ళంతా పంచుకుపోతుంది. చర్మం పైపొరకి నేరుగా కావలసినంత అందాలంటే పైన రాయాల్సిందే.

ఈలోగా అమెరికాలో ఉన్న మా బావగారు మంచి మనసుతో ఒక సీసా పంపించారు. విటమిన్ బి3, 500 మిల్లీగ్రాములు. లేబుల్ మీద నియాసిన్ అని ఉంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు. నియాసిన్, నియాసినమైడ్ రెండూ బి3లే, రెండూ పెలాగ్రాని తగ్గిస్తాయి, కానీ మొహం మీద వాటి ప్రవర్తన వేరు. నియాసిన్ పెద్ద మోతాదులో మింగితే రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుని మొహం, మెడ, చెవులు ఎర్రబారి భగ్గుమంటాయి. కొలెస్టరాల్‌కి ఈ మాత్ర వాడినవాళ్ళకి తెలుసు ఆ మంట. అసలే కందే మొహానికి అది నిప్పులో నెయ్యి. నియాసినమైడ్‌కి ఆ గుణం లేదు. మా అన్నయ్య నమ్మలేదు. “విటమినే కదే, ఏటవుతాది” అని ఒక మాత్ర వేసుకున్నాడు. పావుగంటకి చెవులతో సహా ఎర్రగా అయిపోయి ఫ్యాను కింద కూర్చున్నాడు. అరగంట పైనే పట్టింది చల్లబడడానికి. కోపమొచ్చిందా అని ఈసారి అమ్మ అడిగింది.

పైన రాసే నియాసినమైడ్ ఏం చేస్తుందో మన కిరాణా భాషలో చెబుతాను. చర్మం పైపొర ఒక గోనెబస్తా లాంటిది. కుట్టు గట్టిగా ఉంటే లోపలి సరుకు కారదు, బయటి పురుగు దూరదు. మా పిల్ల చర్మానికి ఆ కుట్టు ఊడిపోయింది. లోపలి తడి ఆరిపోతోంది, సబ్బు, చెమట, దుమ్ము ప్రతిదీ లోపలికి పోయి పొడుస్తోంది. కణాల మధ్య కుట్టులా పనిచేసే కొవ్వుల్లో ముఖ్యమైనవి సిరమైడ్లు. నియాసినమైడ్ ఆ సిరమైడ్లని చర్మమే ఎక్కువ తయారుచేసుకునేలా చేస్తుంది. వాపునీ కొంత తగ్గిస్తుంది. రోసేషియా ఉన్నవాళ్ళ మీదే దీన్ని పరీక్షించి, మాయిశ్చరైజర్‌తో చర్మపు రక్షణ మెరుగైందని జో డ్రేలోస్ అనే అమెరికా చర్మవైద్యురాలు, ఆమె సహచరులు 2005లో ప్రచురించారు. విచ్చుకున్న రక్తనాళాల్ని ఇది మూయలేదు, పొక్కుల్ని ఒంటరిగా తగ్గించలేదు. కుట్టు వేస్తుంది, అంతే. అదీ వారాలు పడుతుంది.

ఆ వారాలే మా ఇంట్లో యుద్ధం.

స్టెరాయిడ్ ఆపేసిన అయిదో రోజుకి పిల్ల మొహం వాచిపోయింది. డాక్టరు ముందే చెప్పారు, ఇలా అవుతుంది, భయపడి మళ్ళీ రాయకండి అని. చెప్పినా చూస్తే భయమే. రాత్రి నిద్రలేదు, తలగడ తగిలితే మంట. నిశ్చితార్థానికి మూడు వారాలుంది. వదిన ఏడ్చింది. “ఫొటోలయ్యేదాకా రాసుకో తల్లీ, తరవాత మానేద్దువుగాని. మగపెళ్ళివాళ్ళు ఏటనుకుంటారు?” వదినని తప్పుపట్టలేను. సంబంధాలు కుదిరేచోట ఆడపిల్ల మొహం మీద ఎన్ని కళ్ళుంటాయో ఆవిడకి తెలుసు. మన కుటుంబాలకి ఇంకో బెంగ కూడా ఉంది. ఘాట్ కింది వాళ్ళు మనల్ని ఏజెన్సీవాళ్ళని ఒక మెట్టు తక్కువగా చూస్తారని, ఏదో లోపం పెట్టి వెనక్కి పంపేస్తారని. ఆ బెంగ మా అమ్మ పెళ్ళప్పుడూ ఉంది.

మేనకోడలు ఆ ఆదివారం జయపురం వచ్చి ట్యూబు నా చేతిలో పెట్టింది. “నా దగ్గరుంటే అమ్మ అడుగుతుంది, నేను రాసేస్తాను. నువ్వు ఉంచత్తా” అంది. పారెయ్యొచ్చు కదా అంటే, పారేస్తే ఇంకోటి కొనుక్కోవడం ఎంతసేపు, నీ దగ్గరుంటే అడగడానికి సిగ్గేస్తుంది అంది. పిల్ల తెలివికి ముచ్చటేసింది.

క్రీము వాడకం కూడా మెల్లిగానే మొదలెట్టాం. ముందు చెవి వెనక మూడు రోజులు రాసి చూడడం. మండకపోతే బుగ్గ మీద శనగగింజంత, రోజు విడిచి రోజు. తరవాత రోజూ రాత్రి. తరవాత రెండు పూటలా. ఈ మధ్య 10 శాతం, 20 శాతం అని సీసాలు వస్తున్నాయి, ఎక్కువైతే మేలనుకుని కొంటున్నారు. కందే చర్మానికి 2 నుంచి 5 శాతం చాలు, అంతకు మించితే అదే మంట పెట్టచ్చు. రాయడం కంటే రాయకపోవడం మాకు కష్టమైంది. నిమ్మరసం, శనగపిండి, ఆవిరి పట్టడం, టొమాటో ముక్క, వచ్చిన ప్రతి అత్తయ్యా పిన్నీ ఏదో ఒకటి చెప్పేవారు. అన్నింటికీ అమ్మ అడ్డం నిలబడింది. తనకి నలభయ్యేళ్ళుగా కందే మొహం, తను చేసింది చన్నీళ్ళు చల్లుకోవడం, మొహానికి సబ్బు తగలనివ్వకపోవడం, పొద్దున్నే చల్లటి చోడంబలి తాగడం. టీని సాసర్లో పోసి చల్లార్చుకునేది, మేము నవ్వేవాళ్ళం. డాక్టరు చీటీ వెనక రాసిన జాగ్రత్తలు చూస్తే సగం అమ్మ అలవాట్లే.

వదిన మనసు మారడానికి కారణం వేరే. మా పిల్ల క్రీము మీదున్న పేరు, ఆవిడ ఏళ్ళుగా వాడే ఫెయిర్‌నెస్ క్రీము డబ్బా మీద కూడా కనపడింది. ఆ మాట నిజమే. నియాసినమైడ్ చర్మంలో రంగు గింజలు పైకణాల్లోకి చేరడాన్ని కొంత తగ్గిస్తుంది, అందుకే తెల్లబడే క్రీముల్లో ఎప్పట్నుంచో వేస్తున్నారు. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకున్న క్రీములో కూడా అది ఉంది. “అయితే ఇదీ తెల్లబరిచేదే!” అని వదిన ఊరట పడింది. నేను కాదనలేదు, అవుననలేదు. ఏ కారణంతోనైనా ట్యూబు గొడవ ఆగింది.

నిశ్చితార్థం నాటికి వాపు తగ్గింది, ఎరుపు తగ్గలేదు. మేకప్ మండుతుందని వేయలేదు. పిల్ల అలాగే కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి దగ్గరగా వచ్చి మొహం చూసింది. మా వదిన ఊపిరి బిగబట్టింది. ఏమైందమ్మా అని ఆవిడ అడిగితే మేనకోడలు ఉన్నదున్నట్టు చెప్పింది, క్రీము వల్ల పాడైంది, మందు వాడుతున్నాను, తగ్గడానికి టైము పడుతుంది అని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరవాత తన చిన్నకూతుర్ని పిలిచి, “నీ ట్యూబు పేరేటో అక్కకి చెప్పు” అంది. అదీ అదే రకం.

మాఘానికి చాలావరకు కుదుటపడింది. బుగ్గల్లో సన్నటి ఎర్ర గీతలు మిగిలాయి, అవి లేజరుకి తప్ప పోవన్నారు. పెళ్ళిలో ఇంకో చిక్కు, నలుగు. సున్నిపిండితో మొహం రుద్దితే నాలుగు నెలల కష్టం గంగపాలు. పెద్ద ముత్తయిదువలు ఒప్పుకోరని వదిన భయం. అమ్మే తేల్చేసింది. చేతులకి, కాళ్ళకి నలుగు పెట్టారు, మొహానికి పసుపు చుక్క ఒకటి గడ్డం కింద తాకించారు. ఎవరూ ఏమీ అనలేదు. మన శాస్త్రాలు మనం భయపడినంత మొండివి కావు, అడిగితే పక్కకి జరుగుతాయి.

ఇప్పుడు ఆ పిల్ల విజయనగరంలో ఉంది. రెండు పూటలా అదే మాయిశ్చరైజర్, పగలు జింక్ క్రీము, ఎండాకాలం ఒక్కోసారి మళ్ళీ జెల్. వేడివేడి ఉప్మా తింటే ఇప్పటికీ కందుతుంది. ఆడపడుచుకి కూడా వైద్యం జరుగుతోంది.

ట్యూబు ఇంకా నా బీరువాలోనే ఉంది. గడువు దాటిపోయింది. మా వీధి పిల్లలెవరైనా మొహానికి ఏదో రాస్తున్నామని చెబితే వాళ్ళ ట్యూబు తెమ్మంటాను, దీని పక్కన పెట్టి పేర్లు చదివిస్తాను. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటాసాల్, ఫ్లుఓసినోలోన్, వీటిలో ఏది కనపడినా డాక్టరు చీటీ ఉందా అని అడుగుతాను. నెలల తరబడి రాస్తుంటే ఒక్కసారిగా ఆపేయకుండా ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళమంటాను. పోయిన నెలలో ముగ్గురు వచ్చారు. ఇద్దరి దగ్గర చీటీ లేదు.